ఊఁ అంటేనే ఎత్తు

గోడౌను తలుపులు తీసిన ఆ ఉదయం నేనక్కడే ఉన్నాను. ఎవరో చెప్తే విన్నది కాదు. చేతిలో చీపురు, ముక్కుకి అడ్డంగా కట్టుకున్న పాత గుడ్డ, అటూ ఇటూ మా ఊడ్పు ఆడవాళ్లు. అందరం చూశాం. చూసి కూడా లోపలికి నడిచాం, అది వేరే సంగతి.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. నిల్వ ధాన్యానికి పురుగు పట్టకుండా బస్తాల మధ్య మందు బిళ్లలు పెట్టి, తలుపులు బిగించి, సందుల్లో మట్టి మెత్తుతారు. బిళ్లకి గాలి తగిలితే విషవాయువు వస్తుంది. పురుగు చస్తుంది. తర్వాత తలుపులన్నీ బార్లా తీసి, లోపలి గాలంతా పోయేదాకా మనిషన్నవాడు అడుగు పెట్టకూడదు. ఇది కాంట్రాక్టరుకి తెలుసు. తలుపు పక్కన ఎర్ర రంగుతో రాసి కూడా ఉంది. కానీ ఆ రోజు బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. లారీ ఆగితే అతనికి నష్టం. మనిషి ఆగిపోతే ఇంకో మనిషి దొరుకుతుంది.

"పురుగులకి పెట్టిన మందుకి మనుషులు చస్తారా? నాటకాలాపి లోపలికి నడవండి," అన్నాడు.

అందరికంటే ముందు వదిన నడిచింది. మా ముఠాలో అందరికంటే ఎత్తైన హమాలీని పొడుగోడు అంటారు, బస్తా వెనక కొస ఎప్పుడూ అతనిదే. నేను అతన్ని అన్నా అని పిలుస్తాను కాబట్టి అతని భార్య నాకు వదిన. కష్టమైన మూల ఏదైనా ముందు ఆమె చీపురే పడేది. "మీ అన్నకి ఎత్తడం ఒక్కటే వచ్చు, కిందపడ్డవన్నీ ఊడవడానికి నన్ను కట్టుకున్నాడు" అని వేళాకోళమాడేది. ఆ ఉదయం కూడా ఏదో అనబోయింది. మాట సగంలో ఆగింది. గోడకి చెయ్యి ఆనించి మెల్లగా కిందికి జారింది. చూస్తుండగానే పెదాలు నల్లబడ్డాయి.

నేను కేక పెట్టాను. ముఠా వాళ్లు ఎక్కడి బస్తాలు అక్కడ వదిలేసి పరుగెత్తుకొచ్చారు. ఖాళీ గోనెపట్టా మీద ఆమెను పడుకోబెట్టి నాలుగు కొసలూ పట్టుకుని ఎత్తారు. మేం గేటు దాటుతుంటే వెనక నుంచి కాంట్రాక్టరు గొంతు వినిపించింది.

"ఇంకో నలుగురు ఆడవాళ్లని పంపించండ్రా, లారీవాళ్లు తిడుతున్నారు."

గోడౌన్ల వెనక వీధిలోనే సర్కారు ఆసుపత్రి ఉంది. అందులో ఒక పొడవాటి గది, కొన్ని మంచాలు, ప్రతి మంచం తల దగ్గర ఒక సిలిండరు. బోర్డు మీద ఏదో పెద్ద పేరుంది గానీ మేమందరం ఊపిరి వార్డనే అంటాం. దుమ్ము మింగిన హమాలీలు, మందు పీల్చిన ఆడవాళ్లు, పక్క వీధి సున్నపు బట్టీల వాళ్లు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ మంచాల మీద పడుకున్నవాళ్లే. వదినని ఆ వార్డే బతికించింది. బతికించింది గానీ పాత ఊపిరి తిరిగి ఇవ్వలేకపోయింది. అప్పుడప్పుడూ ఉన్నట్టుండి రొమ్ము బిగుసుకుపోయేది. చెరో రెక్కా పట్టుకుని వార్డుకి నడిపించేవాళ్లం. మాస్కు పెట్టుకుని కాసేపు పడుకుంటే లేచి కూర్చుని మళ్లీ జోకులు మొదలుపెట్టేది. ఆ వార్డు మా వీధిలో ఉన్నంతకాలం వదిన ఉంటుంది. ఇది మాలో ఎవరినడిగినా చెప్పేవాళ్లు.

ఆమె పడిపోయిన రోజు నుంచి యార్డులో ఒక్క బస్తా లేవలేదు. సమ్మెకి ఊడ్పు ఆడవాళ్లం వచ్చాం, ముఠాలన్నీ వచ్చాయి, కాలేజీ పిల్లలూ వచ్చారు. వాళ్లలో ఒకమ్మాయిని కళ్లజోడు అనేవాళ్లం. ఆ పిల్ల కాటా ఎక్కి నిలబడి మాట్లాడింది.

"మందు ఎప్పుడు పెట్టాలో కాంట్రాక్టరు చెప్తాడు. తలుపు ఎప్పుడు తీయాలో అతనే చెప్తాడు. ఆసుపత్రిలో డాక్టరుండాలా వద్దా ఆఫీసరు చెప్తాడు. పీల్చేది మాత్రం మీరు. మరి చెప్పే చోట మీరెందుకు లేరు?"

మా డిమాండు అక్కడ పుట్టింది. ఈ ప్రాంతపు ఆరోగ్యం గురించి ఏ నిర్ణయం చేసినా ఒక సలహా మండలిలో చెయ్యాలి, ఆ మండలిలో సగం కుర్చీలు పనిచేసేవాళ్లవి కావాలి. గోడౌన్లలో ధాన్యం ముక్కిపోయి కంపు కొట్టే దాకా సర్కారు పలకలేదు. కంపు పెద్దవాళ్ల ముక్కుల దాకా వెళ్లాక ఉత్తర్వు వచ్చింది. ప్రాంతీయ ఆరోగ్య సలహా మండలి ఏర్పాటయింది. పెద్దాఫీసరు అధ్యక్షుడు. ఆసుపత్రి సూపరింటెండెంటు, నది అవతల ప్రైవేటు ఆసుపత్రి యజమాని, ఇంకెవరెవరో సభ్యులు. పరిశ్రమల తరఫున ఎవరనుకున్నారు, మా కాంట్రాక్టరే. మాకు ఒకే ఒక్క కుర్చీ.

ఆ ఒక్క కుర్చీ తీసుకోవాలా వద్దా అని యూనియన్ గదిలో పెద్ద గొడవ జరిగింది.

"దిష్టిబొమ్మని కూడా పొలానికి ఒక్కటే పెడతారు," అంది కళ్లజోడు. "సగం అడిగాం. సగం ఇచ్చేదాకా పని మొదలుపెట్టొద్దు."

"గుడ్డికంటే మెల్ల మేలు తల్లీ," అన్నాడు యూనియన్ తాత. "కూర్చోడానికి చోటు దొరికితే కాళ్లు చాపుకోవడం మనకి తెలీదా?"

"వాళ్లు చోటిస్తున్నది మన కాళ్లు కట్టెయ్యడానికి తాతా."

"నీకు వయసు తక్కువ, కోపం ఎక్కువ."

"మీకు రెండూ అయిపోయాయి."

గదిలో నవ్వులు లేచాయి. నవ్వుతూనే తాత వైపు చేతులెత్తాం. ఇళ్లలో పొయ్యిలు ఆరిపోయి ఉన్నాయి, ఎవరిననగలం? నేనూ ఎత్తాను. కళ్లజోడు మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

ఎవరిని పంపాలన్న ప్రశ్నే రాలేదు. అందరి కళ్లూ మా బావ మీదికి తిరిగాయి. మా అక్క మొగుడు, పొడుగోడి ముఠాకి మేస్త్రీ. "నాకు గోనె పట్టడం వచ్చు గానీ కుర్చీలో కూర్చోడం ఏం వచ్చు?" అని తల గోక్కున్నాడు. వెనక బల్ల మీద నుంచి వదిన ఆయాసపడుతూనే అంది, "కూర్చోడం మేం నేర్పిస్తాం మేస్త్రీ అన్నా. నువ్వు ఆ వార్డు కాపాడు చాలు."

"నా వీపు మీద పెట్టావనుకో చెల్లీ," అన్నాడు బావ.

మా ముఠాల పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. బస్తా చుట్టూ మనుషులు నిలబడ్డాక మేస్త్రీ "ఎత్తుదామా?" అంటాడు. ప్రతివాడూ "ఊఁ" అనాలి. ఒక్కడు అనకపోయినా బస్తా నేల మీదే ఉంటుంది. ఎందుకనలేదని ఎవరూ అడగరు. నడుం పట్టేసి ఉండొచ్చు, కాలికింద నేల జారుతూ ఉండొచ్చు, ఇంట్లో ఏదో జరిగి మనసు మనసులో లేకపోవచ్చు. నోరు విప్పలేదంటే వద్దని. దాన్ని కాదని ఎత్తితే ఎవడో ఒకడి వెన్ను విరుగుతుంది. తాతల నాటి నుంచి ఇదే పద్ధతి. మా పిల్లలు ఆటల్లో కూడా ఇలాగే ఆడతారు.

బావ ఆ పద్ధతి పట్టుకునే మండలి గదికి వెళ్లాడు.

చూడటానికి వచ్చినవాళ్లకి వెనకాల ఒక బెంచీ వేశారు. దాని మీద నేనొక్కదాన్నే. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గాజు గ్లాసుల్లో నీళ్లు పెట్టారు. అధ్యక్షుడు ఒక్కో విషయం గబగబా చదివేస్తున్నాడు. మధ్యలో ఇది వచ్చింది. "శ్వాసకోశ సేవలను హేతుబద్ధీకరించి, నది అవతలి కేంద్ర ఆసుపత్రితో అనుసంధానం చేయడం."

బావ లేచాడు. "అంటే మా వార్డు తీసేస్తారా?"

"తీసెయ్యడం కాదు, మెరుగుపరచడం," అన్నాడు సూపరింటెండెంటు.

"మంచాలు ఇక్కడుంటాయా, అక్కడికి పోతాయా?"

"అక్కడికే."

బావ కూర్చున్నాడు. అధ్యక్షుడు బల్ల చుట్టూ చూపు తిప్పి, "అందరికీ సమ్మతమేనా?" అన్నాడు. ఒకరిద్దరు తలూపారు. బావ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, పెదాలు బిగించి, అతని కళ్లలోకి సూటిగా చూశాడు. ఆ కూర్చోవడం నాకు తెలుసు. యార్డులో అలా కూర్చుంటే ఎంతటి లారీ అయినా కదలదు. గర్వంతో నా ఒళ్లు పొంగిపోయింది. అధ్యక్షుడు "సరే" అని తర్వాతి విషయానికి పోయాడు. మాటెత్తి వదిలేశాడనుకున్నాం, ఇద్దరమూ.

బయటికొచ్చాక బావ ఒకే మాటన్నాడు. "ఎత్తనివ్వలేదు."

నేను యార్డంతా తిరిగి దండోరా వేశాను. ముందు వదిన ఇంటికే పరుగెత్తాను. వార్డు ఉంటుందో పోతుందో అని, నది అవతల ఆ కేంద్ర ఆసుపత్రి పక్కనే ఉన్న వాళ్లక్క తన దగ్గరికి వచ్చెయ్యమని కబురు పెట్టింది. వదిన మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. ఆ మూట ముడి నేనే విప్పాను.

"ఎక్కడికే వెళ్లేది? వార్డు కదలదు. బావ ఊఁ అనలేదు."

"బతికించావు," అంది వదిన. "మా అక్క అన్నం పెట్టేలోపే నాలుగు తిట్లు పెడుతుంది."

చీరలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేసింది. నేనూ సాయం చేశాను.

కొన్నాళ్లకి ఆసుపత్రి నుంచి ముఠాకి పని వచ్చింది. సామాను లారీకి ఎత్తాలన్నారు. వెళ్లి చూస్తే వరండాలో ఊపిరి వార్డు మంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, పక్కన సిలిండర్లు. సూపరింటెండెంటు మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"ఇది మేం వద్దన్నాం కదా సార్," అన్నాడు బావ.

"ఎప్పుడన్నారు?"

"ఆ రోజే. మండలిలో. నేను ఊఁ అనలేదు."

"వద్దని కూడా అనలేదుగా. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, ఏకగ్రీవంగా ఆమోదించాం. మౌనం అర్ధాంగీకారం అంటారు, వినలేదా?"

బావ ముఖంలో రక్తం చుక్క లేదు. ముఠా మొత్తం అతని వైపే చూస్తోంది. అతను "ఎత్తుదామా" అనలేదు. తలగుడ్డ తీసి చేతిలో నలుపుతూ గేటు వైపు నడిచాడు. మేం వెనకే వచ్చేశాం. మేం వచ్చేస్తే ఆగుతుందా? మధ్యాహ్నానికల్లా బయటి మనుషుల్ని పెట్టి లారీకెత్తించేశారు. గదికి తాళం పడింది.

వదిన మళ్లీ మూట కట్టుకునేలోపే, ఒక మిట్టమధ్యాహ్నం ఆమెకి ఊపిరాడలేదు. గోడౌను మెట్ల మీద ఊడుస్తూ చీపురు వదిలేసింది. పొడుగోడు చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని సామాన్ల వ్యానులో పడుకోబెట్టాడు. నేను ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాను. వంతెన దాకా బాగానే వెళ్లాం. వంతెన మీద లారీలు. ఎటు చూసినా లారీలే, ముందుకీ వెనక్కీ కదలకుండా. వాటి నిండా బస్తాలు. గోనెల మీద మా యార్డు ముద్ర ఉంది. ఆ ఉదయం మా ముఠా ఎత్తిన సరుకే అది.

పొడుగోడు దూకి లారీల మధ్య పరుగెత్తాడు. తలుపు తలుపూ బాదాడు. డ్రైవర్లు చేతులు చూపించారు, వాళ్లు మాత్రం ఎక్కడికి జరుపుతారు?

వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఆ మూట విప్పించావు కదే," అంది. తిట్టలేదు. ఎప్పట్లాగే ఏడిపిద్దామని చూసింది. నవ్వు రాలేదు, దగ్గు వచ్చింది. లారీలు కదిలేసరికి ఆమె చెయ్యి నా చేతిలో చల్లబడిపోయింది.

ఏడవడానికి కూడా నాకు అర్హత లేదనిపించింది. అయినా ఏడ్చాను.

పొడుగోడు మళ్లీ పనిలోకి వచ్చిన రోజు యార్డులో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. మొదటి బస్తా చుట్టూ ముఠా నిలబడింది. వెనక కొస దగ్గర పొడుగోడు.

"ఎత్తుదామా?" అన్నాడు బావ.

ఊఁ. ఊఁ. ఊఁ.

పొడుగోడు పలకలేదు. బావ వైపు చూడనూ లేదు. బస్తా నేల మీదే ఉండిపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు, అడగకూడదు. బావ కాసేపు నిలబడి, ఆ బస్తా మీదే కూలబడి, తలగుడ్డలో ముఖం దాచుకున్నాడు. అంత బరువు మోసిన మనిషి భుజాలు అలా వణకడం నేనెప్పుడూ చూడలేదు. ఆ పూట ఆ ముఠా పని చెయ్యలేదు.

సాయంత్రం యూనియన్ గది కిక్కిరిసిపోయింది. తలుపు దగ్గర నుంచి ఎవరో అరిచాడు, "టీ బిస్కట్లకి అమ్ముడుపోయాడు మేస్త్రీ. చల్లటి గది, మెత్తటి కుర్చీ, ఇంకేం కావాలి?"

"నోరు అదుపులో పెట్టుకో," అన్నాడు తాత. "అతన్ని పంపింది మనం."

"పంపింది నోరు మూసుకోడానికా?"

బావ లేచాడు. "అమ్ముడుపోలేదు. అమ్ముడుపోయుంటే తన్ని తగలేసేవాళ్లు, నాకూ తేలిగ్గా ఉండేది. అక్కడ కూడా మన యార్డే అనుకున్నాను. ఊఁ అనకపోతే ఆగుతుందనుకున్నాను. వాళ్ల పద్ధతి ఏంటని ఒక్కరిని అడగలేదు. వార్డు నా వీపు మీద పెట్టింది ఆ చెల్లి. నేను పారేశాను."

నేను ఉండబట్టలేక లేచాను. బెంచీ మీద కూర్చుని మురిసిపోయిన సంగతి, మూట విప్పిన సంగతి, అన్నీ పొడుగోడి ముఖం చూస్తూనే చెప్పాను. కళ్లజోడు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "నాకు ఆ పద్ధతులు తెలుసు," అంది చిన్నగా. "కాలేజీలో ఇలాంటి మీటింగులు చూశాను. ఒక్క కుర్చీకి ఒప్పుకున్నారని అలిగి రాలేదు. వచ్చుంటే 'వద్దని గట్టిగా చెప్పు మేస్త్రీ' అని ఒక్క మాట అనేదాన్ని. మౌనం అర్ధాంగీకారమంటే సగమే కదా, మిగతా సగం మేం ఇవ్వలేదని అరిచేదాన్ని."

మేం అందరం మా మా తప్పులు ఒక్కొక్కరం అతని ముందు పోస్తున్నాం. పొడుగోడు అంతా విని లేచాడు. తల కప్పుకి తగిలేంత ఎత్తు మనిషి.

"అయిందా అందరికీ?" అన్నాడు. "మీ తప్పులు మీ దగ్గరే ఉంచుకోండి. నాకు పంచకండి, నేనెక్కడ పెట్టుకోను? నా ఇంట్లో ఆమె చీరలు దండెం మీదే ఉన్నాయి. నేనడిగేది ఒకటే. వాళ్లు మళ్లీ ఎప్పుడు కూర్చుంటారు?"

అప్పటిదాకా ఏడుపు మొహాలతో ఉన్న గదిలో ఒక్కసారిగా మాటలు లేచాయి. రాజీనామా చెయ్యమని కొందరు, ఆసుపత్రి అద్దాలు పగలగొడదామని కొందరు. వాదించుకుని వాదించుకుని ఒక దారికొచ్చాం. కుర్చీ వదలొద్దు, కానీ ఆ కుర్చీ ఒంటరిగా పోవద్దు. ముఠాకొకరు, ఊడ్పు ఆడవాళ్ల నుంచి, వార్డు ఆయాల నుంచి, సున్నపు బట్టీల నుంచి, లారీ డ్రైవర్ల నుంచి ఒక్కొక్కరిని ఎన్నుకోవాలి. అడిగినా ఇవ్వని సగం మనమే నింపుకోవాలి. అక్కడికక్కడే పేరుకొక ఊఁ అడిగి ఎన్నుకున్నాం. అసలు మండలి మా మటుకు ఆ సాయంత్రమే ఏర్పడింది. ఊడ్పు పనివాళ్ల తరఫున నన్ను నిలబెట్టారు. నేను ఒద్దన్నాను. "మూట విప్పిన చేతులే కావాలి. ఆ చేతులు ఇక ఊరుకోవు," అంది ఒక ముసలి ఆయా.

మండలి కూర్చున్న రోజు వరండా, మెట్లు, వీధి, అంతా మేమే. ఎన్నికైనవాళ్లం లోపలికి వెళ్లి బల్ల చుట్టూ గోడలకి ఆనుకుని నిలబడ్డాం. బెంచీ చాలలేదని అధ్యక్షుడు విసుక్కున్నాడు. గత సమావేశం తీర్మానాలు చదివించి, "ధ్రువీకరిస్తున్నాం. అభ్యంతరం లేదు కదా?" అన్నాడు.

"ఉంది," అన్నాడు బావ.

"ఇప్పుడా? ఆ రోజు మీరేమీ..."

"ఆ రోజు నోరు మూసుకున్నాను. మా దగ్గర నోరు మూసుకుంటే వద్దని. మీ దగ్గర వేరేగా ఉంటుందని తెలుసుకోవడం నా పని, తెలుసుకోలేదు. ఆ తప్పుకి మా చెల్లెలు వంతెన మీద చచ్చిపోయింది. నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను." ముందు సూపరింటెండెంటు వైపు, తర్వాత కాంట్రాక్టరు వైపు వేలు చూపించాడు. "వార్డు తాళం వేస్తే ఎవరు చస్తారో తెలిసే వేశారు మీరు. గాలి పోకముందే ఆడవాళ్లని లోపలికి తోలాడు ఈయన. మీలో ఇంకెవరైనా ఒప్పుకుంటారా?"

కాంట్రాక్టరు గ్లాసులో నీళ్లు చూసుకున్నాడు. సూపరింటెండెంటు కిటికీ చూశాడు. బల్ల చుట్టూ ఒక్కరూ నోరు మెదపలేదు. బావ అందరినీ వరసగా చూశాడు, తొందరపడలేదు.

"రాసుకోండి," అన్నాడు గుమాస్తాతో. "ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. మౌనం అర్ధాంగీకారమట, సూపరింటెండెంటు గారే చెప్పారు."

గోడల దగ్గర నుంచి మొదలై వరండా మీదుగా వీధి దాకా అరుపు లేచింది. వార్డు తిరిగి తెరవాలి, మంచాలు వెనక్కి తేవాలి, సగం కుర్చీలు మావి, ఎవరూ నోటితో ఊఁ అనకుండా ఏ తీర్మానమూ చెల్లదు. అధ్యక్షుడు బల్ల మీద చరిచాడు, ఎవరికీ వినపడలేదు. పోలీసులు వచ్చారు. లాఠీలు లేచాయి, తాత చెయ్యి విరిగింది, కళ్లజోడు కళ్లద్దాలు ఎవరి బూటు కిందో పగిలాయి. విధులకి ఆటంకమని బావని వ్యానెక్కించారు. వ్యాను తలుపు మూస్తుండగా జనంలో పొడుగోడి తల కనిపించింది. బావ అతన్నే చూశాడు. పొడుగోడు ఈ సారి తల తిప్పుకోలేదు.

మర్నాడు అక్కతో కలిసి బావని చూడటానికి వెళ్లాను. కటకటాల వెనక నుంచి ఒకే మాట పంపాడు. "నా చోట వాణ్ణి నిలబడమని చెప్పు."

పొడుగోడికి చెప్పాను.

"ఆయన్ని క్షమించలేదమ్మా. నిన్నూ క్షమించలేదు. క్షమిస్తానో లేదో నాకే తెలీదు," అన్నాడు. "కానీ పిలుపు నేనే ఇస్తాను."

బావని పట్టుకెళ్లినప్పటి నుంచి బస్తా లేవక యార్డులో లారీలు గేటు బయటి దాకా నిలబడి ఉన్నాయి. అవసర సరుకు కదలకపోతే ఊరుకునేది లేదని పెద్దాఫీసరే స్వయంగా వచ్చాడు, పక్కన కాంట్రాక్టరు, వెనక పోలీసులు. ముఠాలన్నీ బస్తాల చుట్టూ నిలబడ్డాయి. ఊడ్పు ఆడవాళ్లం చీపుర్లు పట్టుకుని నిలబడ్డాం. డ్రైవర్లు ఇంజన్లు ఆపేశారు. పనికి ఒప్పుకున్నారనుకుని కాంట్రాక్టరు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

పొడుగోడు ముందుకొచ్చాడు. వెనక కొస వదిలి మేస్త్రీ చోట నిలబడటం అతనికి అదే మొదటిసారి.

"ఎత్తుదామా?" అన్నాడు, యార్డంతటికీ వినపడేలా.

ఎవరూ పలకలేదు. ఏ ముఠాలోనూ ఒక్క గొంతు లేవలేదు. పక్షులు వచ్చి గింజలు ఏరుకుంటున్న చప్పుడు కూడా వినిపించింది. నేను పెదాలు బిగించి నిలబడ్డాను. నా చీపురు పట్టుకున్న చేతికి వదిన చెయ్యి తగిలినట్టే ఉంది, చల్లగా.

ఆఫీసరు అటూ ఇటూ చూశాడు. "ఏంటిది? అడుగుతుంటే ఒక్కరూ పలకరేం?"

పొడుగోడు తలగుడ్డ తీసి నేల మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు. అతని వెనక ముఠా కూర్చుంది. ఆ వెనక మేం కూర్చున్నాం.

"పలికారు సార్," అన్నాడు. "మళ్లీ అడగమంటారా?"